బిజ్జు మీద మోపిన నింద

హైదరాబాదు నగరమున, మూసీనది ఉత్తరపు టొడ్డున, గోలకొండ కోటకును పురానాపూల్ వంతెనకును నడుమ కార్వాన్ అను పేట కలదు. ఆ పేరు పారసీక పదము. మన భాషలో బిడారు అను మాటకు ఏ యర్థమో దానికిని అదియే యర్థము. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా ఏలుబడిలో మూసీపై పురానాపూల్ వెలసెను. 1591లో నదికి ఆవలి యొడ్డున హైదరాబాదు నగరము పుట్టెను. నాటినుండి కోటకును నగరమునకును నడుమ నున్న ఈ బాట వర్తకుల బాట యయ్యెను. దూరదేశముల బిడారులు ఇచ్చట దిగెడివి. వజ్రముల బేరములు, వస్త్రముల బేరములు ఇచ్చట సాగెడివి. సాహుకారులు నివసించుటచేత దీనికి కార్వాన్ సాహు అనియు పేరు వచ్చినది. 1671లో మూసాఖాన్ అను కుతుబ్ షాహీ అధికారి కట్టించిన తోలీ మసీదు నేటికిని ఆ పేటలో నిలిచి ఆనాటి వైభవమునకు సాక్ష్యము చెప్పుచున్నది. 1687లో గోలకొండ మొగలుల వశమైన పిదప ఆ వైభవము క్రమముగా తరిగినది.

ఆ వజ్రముల కథ శ్రోతలు పలుమారులు వినియే యుందురు. మేము నేడు చెప్పబోవునది వేరొక కథ. బిడారుల వెంట సరుకులు మాత్రమే రావు, మాటలును వచ్చును. మాటల వెంట నమ్మకములును వచ్చును. సరుకును వర్తకుడు పరీక్షించి గాని కొనడు. మాటను పరీక్షించువారు అరుదు. అట్లు పరీక్ష లేకయే వచ్చి మనలో నిలిచిపోయిన మాటలలో 'బిజ్జు' ఒకటి. అది ఒక అడవి జంతువు పేరు. ఆ పేరుతో పాటు ఒక నిందయు వచ్చినది. ఆ నింద ఎచ్చట పుట్టెను, మన యొద్దకు ఎట్లు వచ్చెను, దాని ఫలమును అనుభవించినది ఎవరు అనునదియే ఈ ప్రసంగమున మేము విచారింపదలచిన విషయము.

మా బాల్యము కార్వాన్ సందులలో గడచినది. ప్రొద్దు గ్రుంకిన తరువాత ఖబరస్తాను గోడ వైపు పోరాదని పెద్దలు మమ్ము హెచ్చరించెడివారు. అచ్చట బిజ్జు తిరుగునట. పగలెల్ల భూమిలో దాగి, రాత్రి వెలికి వచ్చి, గోరీలు త్రవ్వి శవములను తినునట. దాని గోళ్లు గడ్డపారల వంటివట. పట్టుకొన్నచో విడువదట. తెలుగు మాటలాడు ఇండ్ల పిల్లలును, దక్కనీ మాటలాడు ఇండ్ల పిల్లలును ఈ కథను ఒక్క తీరుననే నమ్మిరి. చూచినవారు మాత్రము ఒక్కరును లేరు.

ఒక వేసవి రాత్రి ఆ గోడప్రక్కనున్న రేకుల కప్పు మీద ఏదియో పరుగెత్తిన చప్పుడయ్యెను. ఎవరో 'బిజ్జు, బిజ్జు' అని కేక వేసిరి. క్షణములో సందు నిండినది. కొందరు కర్రలు తెచ్చిరి. కొందరు రాళ్లు ఏరిరి. మేమును ఒక రాయి విసరితిమి. అది తగిలినదో లేదో నేటికిని మాకు తెలియదు. కొంతసేపటికి చప్పుడు ఆగిపోయెను. తెల్లవారిన పిదప అందరును చేరి చూచితిమి. పిల్లికన్న కొంచెము పెద్దదియగు జంతువు పడి యున్నది. బూడిద వన్నె వెండ్రుకలు. వీపున నల్లని చారలు. కండ్ల చుట్టును నల్లని ముసుగు వంటి మచ్చ. దేహము ఎంత పొడవో తోకయు దాదాపు అంత పొడవు. గడ్డపారల వంటి గోళ్లు ఎచ్చటను కానరాలేదు.

ఆ దారిని పోవుచున్న కల్లుగీత వృద్ధుడొకడు నిలిచి, వంగి చూచి, మా వైపు తిరిగి, "ఇది బిజ్జు గాదు బిడ్డా, మానుపిల్లి. మా లొట్టిల కల్లు తాగిపోయేటిది. దీన్నెందుకు సంపిన్రు?" అని యడిగెను. ఎవరును బదులు చెప్పలేదు. ఆనాడు మాకు సిగ్గు కలుగలేదు. ఇది బిజ్జు కానిచో బిజ్జు ఎట్లుండును అను సందేహము మాత్రము కలిగెను. సిగ్గు తరువాత వచ్చినది. ఆ సందేహము తీర్చుకొనుటకై చదివిన చదువే ఈ ప్రసంగమునకు మూలము.

నిజమైన బిజ్జు వేరు. ఇంగ్లీషువారు దానిని రాటెల్ అనియు, హనీ బ్యాడ్జర్ అనియు పిలుతురు. మన పత్రికలవారును నేడు ఆ రెండవ పేరునే తెలుగు లిపిలో వ్రాయుచున్నారు. తల మొదలు తోక మొదటి వరకు సుమారు రెండడుగుల పొడవు. ఎత్తు అడుగునకు లోపలనే. మగది 9 మొదలు 16 కిలోల వరకు తూగును. ఆడది అంతకన్న చిన్నది. కాళ్లు పొట్టివి, తోక పొట్టిది, చెవులు ఉన్నవో లేవో అనునంత చిన్నవి. దేహపు క్రింది సగము నల్లగా ఉండును. నడినెత్తి మొదలు తోక వరకు వీపు మాత్రము తెల్లని కంబళి కప్పినట్లు బూడిదతెలుపు వన్నెతో ఉండును. ముంగాళ్ల గోళ్లు అంగుళమునకు మించి పెరుగును. ఈ గుర్తులు ఒక్కసారి తెలిసినవారు దీనిని మరియొక జంతువుగా భ్రమింపజాలరు. అయినను మనుష్యులు భ్రమపడుచునే వచ్చిరి. పామరులు మాత్రమే గాక పండితులును భ్రమపడిరి. ఆ చరిత్ర కొంత వినదగినది.

ఐరోపాలోని బ్యాడ్జరునకు 1758లో లిన్నేయస్ పండితుడు శాస్త్రనామము పెట్టునప్పుడు దానిని ఎలుగుబంటి జాతిలో చేర్చెను. ఆఫ్రికా దక్షిణాగ్రమునుండి వచ్చిన రాటెలును 1776లో ష్రేబర్ అను జర్మను పండితుడు వర్ణించి, దానిని పునుగుపిల్లుల వర్గమున పెట్టి వైవెర్రా కాపెన్సిస్ అనెను. మరుసటి యేటనే, 1777లో, పల్లాస్ అను పండితుడు మన మానుపిల్లికిని నామకరణము చేసి, దానినిని ఆ వైవెర్రా వర్గముననే చేర్చెను. అనగా కార్వాన్ సందులో మేము చేసిన పొరపాటును శాస్త్రజ్ఞులు మాకన్న ఎంతో ముందుగనే చేసిరన్న మాట. బిజ్జును, మానుపిల్లియు కొంతకాలము ఒకే కప్పు క్రింద నివసించినవి. 1780లో స్టోర్ అను పండితుడు రాటెలును వేరుచేసి మెల్లివోరా అను క్రొత్త వర్గమును కల్పించెను. తేనె తినునది అని దాని యర్థము. అయినను పొరపాటు అంతటితో తీరలేదు. 1792లో కెర్ అను పండితుడు భారతదేశపు బిజ్జును మరల ఎలుగుబంటిగా భావించి ఉర్సుస్ ఇండికుస్ అని వ్రాసెను.

ఎలుగుబంటి అని పొరబడుటలో వింత లేదు. తమిళులు దీనిని తవకరడి అందురని పాత గ్రంథములలో నున్నది. కరడి అనగా ఎలుగుబంటియే. నేలను ఉల్లాగించి త్రవ్వుట, తేనెకై ఆరాటపడుట, అరికాలు మోపి ఊగుచు నడచుట చూచినవారికి చిన్న యెలుగు వలెనే తోచును. మన యడవుల యెలుగుబంటికిని ఇట్టి దుర్గతియే పట్టినది. 1791లో షా అను ఇంగ్లీషు పండితుడు దాని పొడవైన గోళ్లను మాత్రము చూచి, అమెరికా ఖండమున చెట్లకు వ్రేలాడు సోమరి జంతువు స్లాత్ జాతిదని వ్రాసెను. ఇంగ్లీషున దానికి స్లాత్ బేర్ అను పేరు నేటికిని మిగిలి యున్నది. పేరు ఒకసారి పడిన తరువాత దిద్దుట కష్టము.

నిజమునకు బిజ్జు పునుగుపిల్లియు కాదు, ఎలుగుబంటియు కాదు. కృష్ణా గోదావరులలో చేపలు పట్టు నీటికుక్క ఏ కుటుంబమునదో ఇదియు ఆ కుటుంబమునదే. ఐరోపా బ్యాడ్జరు దీనికి దూరపు దాయాది. అది బొరియలలో బలగముతో కాపురముండి ముఖ్యముగా వానపాములను తినును. మన బిజ్జు ఒంటరిగా తిరుగును. ఈశాన్య భారతమున వేరు జాతుల బ్యాడ్జరులు కలవు గాని, తెలుగునేలకు మాత్రము బిజ్జు ఒక్కటియే.

ఇక నింద సంగతి. దీనికి మాకు దొరికిన ముఖ్యసాక్ష్యము థామస్ జెర్డన్ 1867లో వెలువరించిన భారతదేశపు క్షీరదముల గ్రంథము. జెర్డన్ కంపెనీ కొలువున వైద్యుడు. 1836లో మదరాసు చేరెను. తరువాత నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసెను. తెలుగునాట కొన్నేండ్లు మసలినవాడగుటచేత ప్రతి జంతువునకును దేశభాషలలోని పేర్లు చేర్చుచు, తెలుగు పేర్లను గూడ వ్రాసెను. మానుపిల్లి అను పేరు ఆయన గ్రంథమున నున్నది. అది అచ్చమైన తెలుగు. మాను మీద నుండు పిల్లి యని ఎవరికైనను తెలియును. బిజ్జునకు మాత్రము తెలుగు పేరని ఆయన వ్రాసినది బియ్యూ ఖవార్ అను మాట. దీనిలో తెలుగు వాసన మాకు తోచుట లేదు. హిందూస్తానీ బిజ్జు శబ్దమే ఎవరి నోటనో నలిగి ఆ యాంగ్లేయుని చెవిని బడి యుండును. 1884లో ప్లాట్స్ కూర్చిన ఉర్దూ హిందీ నిఘంటువునను బిజ్జు అనగా ఈ జంతువే.

ఆ గ్రంథములో బిజ్జు మీద రెండు నేరములు వ్రాయబడినవి. మొదటిది శవములను త్రవ్వి తీయుట. రెండవది కోళ్లను అపహరించుట. అయితే ఈ రెండు నేరములును ఒకే తావునకు చెందినవి కావు. శవముల నేరమును ఉత్తరహిందూస్థానమున దానిపై మోపుదురనియు, అచ్చటనే దానికి గోరీలు త్రవ్వునది అను పేరు కలదనియు జెర్డన్ చెప్పెను. అది కూడ తాను చూచినట్లు కాదు. జనులు మోపిన నేరముగనే చెప్పెను. కోళ్ల విషయమున మాత్రము ఆయన స్వయముగా ఎరిగినవాడు. మధ్యభారతమునను, ఉత్తర సర్కారులలోను కోళ్లగూళ్లకు వచ్చి బోనులో పడి చచ్చిన బిజ్జులను తాను ఎరుగుదునని వ్రాసెను. ఉత్తర సర్కారులనగా గంజాము మొదలు గుంటూరు వరకు గల మన తెలుగు తీరమే.

శ్రోతలు ఈ భేదమును గమనింపగోరెదము. 1867 నాటి ఆ గ్రంథములో తెలుగునేల మీద బిజ్జు చేసిన నేరము కోళ్లదొంగతనము మాత్రమే. గోరీల కథ ఉత్తరదేశపు కథ. మా కార్వాన్ సందులలో పిల్లలను బెదరించిన కథయందు కోళ్ల మాట లేనే లేదు. ఉన్నది అంతయు గోరీల మాటయే. దీనిని బట్టి మాకు తోచునది ఇది. బిజ్జు శబ్దము హిందూస్తానీ భాషతో పాటు దక్కనునకు వచ్చినది. సైనికులు తెచ్చిరో, వర్తకులు తెచ్చిరో, ఏ బిడారు వెంట వచ్చినదో నిర్ణయించుట ఎవరి తరమును కాదు. శబ్దము వచ్చునప్పుడు దానిని అంటి పెట్టుకొని నిందయు వచ్చినది. జంతువును గూర్చి మన పల్లెలు ఎరిగినదొకటి, పేరుతో పాటు నగరమునకు చేరినది మరియొకటి. తరువాత వచ్చిన గ్రంథకర్తలు, 1884 నాటి స్టెర్న్‌డేల్ వంటివారు, జెర్డన్ మాటలనే మరల ఉదాహరించిరి. అట్లు నోటిమాట అచ్చులోనికి ఎక్కినది. అచ్చయిన మాటకు గౌరవము హెచ్చు.

ఇంతకు బిజ్జు గోరీలను త్రవ్వునా, త్రవ్వదా? ఈ ప్రశ్నకు న్యాయముగా బదులు చెప్పవలెనన్నచో దాని జీవనమును తెలిసికొనవలెను. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో బెగ్ దంపతులు 1990ల నడిమి నుండి కొన్నేండ్లు ఈ జంతువుల వెంట తిరిగి, వాని దినచర్యను కనులార చూచి వ్రాసిరి. వారి పరిశోధనలో తేలిన సంగతులు పాత కథలను పెక్కింటిని మార్చివేసినవి. బిజ్జు అరువదికి పైగా విధములైన జీవులను ఆహారముగా గ్రహించునని వారు చూచిరి. తేళ్లు, పురుగులు, బల్లులు, ఎలుకలు, పాములు దాని ముఖ్యాహారము. తేనె దొరికిన దినము పండుగ. తేనెకన్న తుట్టెలోని తెల్లని పురుగులపై దానికి మక్కువ హెచ్చు. ఎలుక బొరియను వాసన పట్టి, నిమిషములలో త్రవ్వి, ఏమియు దొరకనిచో మరియొక బొరియకు పోవును. ఒక రాత్రిలో ఇట్టి గోతులు ఎన్నియో త్రవ్వును. మగ బిజ్జు తిరుగు మేర సగటున 500 చదరపు కిలోమీటరులకు మించును. ఆడుది 126 చదరపు కిలోమీటరుల మేర తిరుగును. ఇంత శ్రమపడి కడుపు నింపుకొను జీవులు ఒక ఖబరస్తాను గోడను కనిపెట్టుకొని కూర్చుండునని యూహించుట కష్టము.

జెర్డన్ వ్రాసిన వేరొక మాటయు ఈ పరిశోధనచేత సవరింపబడినది. బిజ్జులు సాధారణముగా జంటలుగా తిరుగునని ఆయన వినెను. తల్లి బిజ్జు సాధారణముగా ఒక్క పిల్లనే పెంచును. కొన్ని దినములకొకమారు దానిని నోట కరచుకొని క్రొత్త బొరియకు మార్చును. ఆ పిల్ల సంవత్సరమునకు పైగా తల్లిని విడువదు. విడుచునాటికి దాదాపు తల్లియంత ఎదుగును. జంట యని జనులు చూచినది పెక్కుమారులు తల్లియు బిడ్డయు అయి యుండును. బోనులో తల్లి పడిన రాత్రి పిల్ల గతి యేమగునో చెప్ప బనిలేదు. ఇన్ని నెలలు పెంచి ఒక్క పిల్లను మాత్రమే లోకమునకు ఇచ్చు జాతికి ఒక్కొక్క చావును పెద్ద నష్టమే.

దాని ధైర్యమును గూర్చి కథలు చాల కలవు. అందు సత్యమును కలదు. చర్మము మందమైనది, వదులైనది. మెడయొద్ద సుమారు 6 మిల్లీమీటరుల మందముండును. పట్టుకొన్న శత్రువు నోటిలోనే అది దేహమును మెలిద్రిప్పి వెనుకకు తిరిగి కరవగలదు. తోక క్రింది గ్రంథినుండి దుర్వాసనను విడుచును. త్రాచుపాము జాతి విషము నరములనుండి కండరములకు పోవు ఆజ్ఞను ఆపి ప్రాణము తీయును. బిజ్జు కండరములయందు ఆ విషము అంటుకొనవలసిన తావుననే చిన్న మార్పు కలదని, అందుచే విషము గట్టిగా అంటుకొనదని 2015లో అమెరికా పరిశోధకులు కనుగొనిరి. ముంగిసయందును, పందియందును ఇట్టి మార్పులే వేరువేరుగా కలిగినవట.

తేనె దారి చూపు పక్షి యొకటి బిజ్జును తేనెపట్టునొద్దకు పిలుచుకొని పోవునను కథ పాఠ్యపుస్తకములలో గూడ కానవచ్చును. ఆ పక్షి ఆఫ్రికాది. మనుష్యులకు దారి చూపుట నిజమే. మన దేశమున అట్టి పని చేయు పక్షి లేదు. నల్లమల చెంచులు కొండచరియలకు త్రాళ్లు వ్రేలగట్టి తేనె తీయుదురు. అక్కడ బిజ్జు ఎవరి సహాయమును లేకయే తన ముక్కును నమ్ముకొని చెట్లు ఎక్కి తేనె వెదకికొనును.

ఇప్పుడు ఆ ప్రశ్నకు వత్తము. బిజ్జు చచ్చిన జంతువుల మాంసమును గూడ దొరికినప్పుడు తినును. దానికి బలమైన గోళ్లు కలవు. కావున లోతు లేని గుంటను అది ఎన్నడును ముట్టలేదని ప్రమాణము చేయజాలము. కాని చచ్చిన మాంసమును నక్కయు తినును, దుమ్ములగొండియు తినును, ఊరకుక్కయు తినును. కలరా, మశూచి, ప్లేగు చెలరేగిన దినములలో తొందరగా, లోతు లేకుండ పూడ్చిన గుంటలను తెల్లవారునప్పటికి ఏవో జంతువులు చెరచి యుండవచ్చును. చెరచిన జంతువు తెల్లవారువరకు నిలువదు. గోతుల గుర్తు మాత్రము నిలుచును. గోతులు త్రవ్వుటలో పేరుబడినది బిజ్జు. కావున నేరము దానిపై పడినది. ఇది మా యూహ. అయినను న్యాయస్థానమున ఏ ముద్దాయికైనను ఇంతటి సాక్ష్యముతో శిక్ష వేయరు.

ఈ కథలోని అన్యాయము ఇంతటితో ముగియలేదు. మనుష్యులు నగరములు కట్టిన చోట బిజ్జు నిలువదు. దానికి విశాలమైన మేర కావలెను. నిందకు మాత్రము నగరమును విడువవలసిన పని లేదు. జంతువు లేని చోట నింద మరియొకదానిని వెదకికొనును. ఉత్తరదేశమున ఖబర్ బిజ్జు అను మాట నేడు మానుపిల్లికే చెల్లుచున్నది. హైదరాబాదునను మేము విసరిన రాయి ఆ మానుపిల్లి మీదనే కదా పడినది.

మానుపిల్లి యొక్క జీవనము వినిన యెడల ఈ నింద ఎంత విపరీతమో తెలియును. అది 2 మొదలు 5 కిలోల వరకు తూగు చిన్నప్రాణి. పగలు చెట్టుతొఱ్ఱలోనో, పాత యింటి దూలముల నడుమనో నిద్రించును. రాత్రి పండ్లకై బయలుదేరును. మఱ్ఱి, రావి, నేరేడు, ఈత పండ్లు దానికి ప్రియములు. ఎలుకలను, పురుగులను గూడ తినును. తాటిచెట్టు నెక్కి లొట్టిలో మూతి పెట్టి కల్లు త్రాగునను ఆ వృద్ధుని మాట కల్ల కాదు. ఇంగ్లీషువారు దానికి టాడీ క్యాట్ అని పేరు పెట్టుటకు కారణము అదియే. మ్రింగిన పండ్ల గింజలను అది దూరముగా విడుచుటచేత అడవులు వ్యాపించును. నగరమున చెట్లు దట్టముగా మిగిలిన తావులు తోటలును, ఖబరస్తానులును, పాత దేవళముల ఆవరణములును. పండ్లచెట్టు ఉన్నందున అది అచ్చటికి వచ్చును. గోరీ ఉన్నందున వచ్చినదని మనము తలతుము.

దీని దాయాదియే పునుగుపిల్లి. తిరుమల శ్రీవారి సేవకై పునుగుతైలము దానినుండియే లభించును. ఒక దాయాదికి ఆలయసేవయు, మరియొక దాయాదికి రాళ్లదెబ్బలును. రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపినచో భేదము గుర్తింపగలవారు మనలో ఎందరు?

ఇట్టి భ్రమ మన దేశమున మాత్రమే యున్నదని తలపరాదు. 2007 జూలైలో ఇరాకు దేశమున బస్రా నగరమున గొప్ప కలవరము పుట్టెను. రాత్రులయందు ఏదియో భయంకర జంతువు తిరుగుచున్నదనియు, మనుష్యులపై పడుచున్నదనియు, అచ్చట విడిసియున్న బ్రిటిషు సైనికులే దానిని విడిచిరనియు వదంతి వ్యాపించెను. సైన్యాధికారులు అది అబద్ధమని ప్రకటన చేయవలసి వచ్చెను. చచ్చిన జంతువులను అచ్చటి పశువైద్యులు పరీక్షించిరి. అవి బిజ్జులే. ఆ దేశమునకు క్రొత్తవి కావు. గిర్తా అను పేర జనులు ఎరిగినవే. నగరమునకు ఉత్తరమున నున్న చిత్తడినేలలలోనికి నీరు మరల వచ్చుటచేత అవి ఊరివైపు వచ్చి యుండునని కొందరు చెప్పిరి. యుద్ధముచేత కలతపడిన నగరము తన భయమునంతయు ఒక జంతువు మీద మోపినది. బస్రాకును కార్వానునకును ఎంతయో దూరము. అయినను చీకటిలో వినిన చప్పుడునకు పేరు పెట్టుటలో ఇరువురి తొందరయు ఒక్కటియే.

మన దేశపు వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లో పుట్టినది. దాని మొదటి షెడ్యూలున పులితో పాటు బిజ్జును కలదు. దానిని చంపుట నేరము. మానుపిల్లికిని ఆ చట్టపు రక్షణ కలదు. కాని చట్టము పగటి వెలుతురున చదువుకొనునది. కేక రాత్రి పుట్టునది. కేక వేసినవాడు చట్టమును తలంచుకొనడు. తాను చిన్నప్పుడు వినిన కథను తలంచుకొనును. కావున పిల్లలకు చెప్పు కథను దిద్దుట అవసరమని మా తలంపు.

దిద్దుట కష్టము కాదు. కేక వినబడినప్పుడు కర్ర కొరకు గాక దీపము కొరకు పోవలెను. ముందు తోకను చూడవలెను. తోక దేహమంత పొడవున్నచో అది మానుపిల్లి. పండ్లకై వచ్చినది, తెల్లవారకముందే తన దారిని తాను పోవును. తోక పొట్టిగా నుండి, వీపున తెల్లని కంబళి కప్పుకొన్నట్లున్నచో అది నిజముగా బిజ్జు. అట్టిది నగరమున కానవచ్చినచో భయపడవలసినది మనము కాదు. దారి తప్పినది అది. దూరముగా నిలిచి అటవీశాఖవారికి తెలుపుటయే చేయదగిన పని.

ఆ కల్లుగీత వృద్ధుని పేరు మేము అడుగలేదు. ఆయన జెర్డన్ గ్రంథమును చదివి యుండడు. ష్రేబర్, పల్లాస్, కెర్ అను పేర్లు వినియుండడు. అయినను ఆ పండితులు పొరబడిన చోట ఆయన పొరబడలేదు. చెట్టు మీద రాత్రులు గడపినవాడు గనుక చెట్టు మీది జంతువును ఎరుగును. మన యెరుక పెక్కుమారులు బిడారుల వెంట వచ్చిన మాటలలో గాక, ఇట్టివారి కనులలో నున్నది. "దీన్నెందుకు సంపిన్రు" అని ఆయన యడిగిన ప్రశ్నకు ఆనాడు సందులో నిలిచిన మేము బదులు చెప్పలేకపోతిమి. ఇన్నేండ్లకు చెప్పగల బదులు ఒక్కటియే: పేరు తెలియక చంపితిమి.